తంగేడేది? కసివిందయేది?

(నడికుడిలో పంచాయతీ సభ్యుల యెదుట చేసిన ప్రసంగము)

సభ్యులారా,

వానలు వెలిసిన పిదప ఊరి పరిసరములలోని పిచ్చిమొక్కలను తీయించుట పంచాయతీ పని. ఆ పనిలో ఉపయోగపడు తంగేడు నరకబడి, హానిచేయు కసివింద మిగిలిపోవుట కలదు. రెండింటి పూవులును పసుపుపచ్చనివే గదా!

తంగేడు మన దేశపు మొక్క. పల్నాటి రాతిమెట్టలయందును, ఎండిన గట్లపైనను పెరుగును. ఆకునకు 8 మొదలు 12 జతల రెబ్బలుండును. వాని కొనలు మొద్దుగానుండును. ఆకుకాడ మొదట చెవివంటి చిన్న రేకు కనబడును. ఇదియే ముఖ్యమైన గుర్తు. కాయ పలుచనై కాగితమువలె నుండును. దీని బెరడు తోళ్లు పదునుచేయుటకును, ఆకు పచ్చిరొట్ట ఎరువునకును పనికివచ్చును. కృష్ణకు ఆవల తెలంగాణమునకు ఇదియే రాష్ట్రపుష్పము.

కసివింద అమెరికా ఖండపు ఉష్ణప్రదేశములనుండి వచ్చినది. పెరళ్లలో, పెంటకుప్పల వద్ద, బాటల ప్రక్కన మొలచును. రెబ్బలు 4 మొదలు 6 జతలే, కొనలు సూదిగానుండును. ఆకు నలిపినచో దుర్గంధము వచ్చును. దీని గింజలను పిల్లలు తిన్నచో ప్రాణాపాయము కలుగును. 2016లో ఒడిశాలోని మల్కన్‌గిరి జిల్లాలో పిల్లలు మరణించినపుడు, నిపుణులు ఈ గింజలనుగూడ ఒక కారణముగ పేర్కొనిరి.

కావున బడి, అంగన్‌వాడీల చెంతనున్న కసివిందను కాయపట్టకముందే వేరుతో పెకలింపుడు. గట్లపై తంగేడును ఉండనిండు. కూలివారిని పనిలో దింపుటకు ముందు రెండు కొమ్మలను ప్రక్కప్రక్కన పట్టి చూపుడు. అది అయిదు నిముషముల పని.