సబ్బుపై పొదిగిన సరిహద్దు



కళను గురించి మాట్లాడేందుకు మమ్మల్ని పిలిచారని తెలిసి కొందరు మిత్రులు ఆశ్చర్యపడ్డారు. మేము చిత్రకారులం కాము. ప్రభుత్వ కార్యాలయంలో దస్త్రాల మధ్య ఉద్యోగ జీవితం గడిపినవారం. అయితే సరిహద్దు మొదట పుట్టేది కాగితం మీదనే. ఆ కాగితపు గీత మనిషి బ్రతుకులోకి ఎలా ప్రవేశిస్తుందో చూపిన ఒక కళాకారిణిని మీకు పరిచయం చేయదలచాము.

ఆమె పేరు మోనా హతూమ్. 1952లో బేరూత్ నగరంలో పాలస్తీనా దంపతులకు జన్మించారు. 1948లో హైఫా విడిచి లెబనాన్ చేరవలసి వచ్చిన కుటుంబం వారిది. అక్కడ తలదాచుకొన్న అనేక పాలస్తీనా కుటుంబాలవలెనే వారికీ లెబనాన్ గుర్తింపు కార్డు దొరకలేదు. 1975లో ఆమె కొద్దికాలం ఉండివద్దామని లండన్ వెళ్ళారు. అంతలో లెబనాన్‌లో అంతర్యుద్ధం చెలరేగి తిరుగు దారి మూసుకుపోయింది. ఆమె లండన్‌లోనే ఉండి కళను అభ్యసించారు. తల్లిదండ్రులు అనుభవించిన వియోగమే కుమార్తెకూ ప్రాప్తించింది.

ఆ ఎడబాటు నుంచే 1988లో 'మెజర్స్ ఆఫ్ డిస్టెన్స్' అనే వీడియో వచ్చింది. తల్లి వ్రాసిన ఉత్తరాల అరబ్బీ అక్షరాలు తల్లి చిత్రంపై కంచెలా పరచుకొని ఉంటాయి. కుమార్తె ఆ ఉత్తరాలను ఆంగ్లంలో చదువుతుంటారు. ఇద్దరినీ కలిపే అక్షరమే ఇద్దరి నడుమ తెరగా నిలుస్తుంది.

తరువాత ఆమె ఇన్‌స్టలేషన్ల వైపు మళ్ళారు. ఇన్‌స్టలేషన్ అంటే గోడకు తగిలించే పటం కాదు. గది మొత్తాన్నే కళాఖండంగా అమర్చుతారు. 1992 నాటి 'లైట్ సెంటెన్స్'లో ఇనుప జాలీ పెట్టెలు ఒకదానిపై ఒకటి పేర్చి ఉంటాయి. వాటి మధ్య ఒక్క బల్బు మెల్లగా పైకీ కిందికీ కదులుతుంది. జాలీ నీడలు గోడలపై ఊగుతుంటే కాలికింది నేల కూడా కదులుతున్నట్లు అనిపిస్తుంది. చూడవచ్చినవారి నీడ కూడా ఆ జాలీ నీడలలో చిక్కుకుంటుంది.

1996లో జెరూసలేంలో 'ప్రెజెంట్ టెన్స్' ప్రదర్శించారు. నాబ్లుస్ పట్టణంలో ఆలివ్ నూనెతో తయారయ్యే సబ్బు బిళ్ళలు 2,000కు పైగా నేలపై పరచి, వాటిలో ఎర్రటి గాజుపూసలు గుచ్చి ఒక పటం రూపొందించారు. 1993 ఓస్లో ఒప్పందం ప్రకారం పాలస్తీనీయులకు అప్పగించవలసిన భూభాగాల పటమది. ఒకదానితో ఒకటి కలవని దీవుల్లా ఆ ముక్కలు కనిపిస్తాయి. నిత్యం చేతులు కడుక్కొనే వస్తువుపై దౌత్యవేత్తల గీతలు! సబ్బు కరిగితే గీత నిలుస్తుందా? సమాధానం ఆమె చెప్పలేదు. చూపరికే వదిలారు.

2000 నాటి 'హోమ్‌బౌండ్'లో వంటింటి బల్ల, కుర్చీలు, గిన్నెలు, గరిటెల గుండా విద్యుత్తు ప్రవహిస్తుంటుంది. దీపాలు వెలిగి ఆరుతుంటాయి, రొద వినిపిస్తుంటుంది. చూపరికీ ఆ ఇంటికీ మధ్య తీగల కంచె. నిర్భయంగా ఉండవలసిన ఇల్లే ముట్టుకోరానిదైపోయింది.

పేరులో ఒక్క అక్షరం తేడా వచ్చిందని, రేషన్ కార్డులో ఒకలా ఆధార్‌లో ఒకలా ఉన్నదని, అర్జీ వ్రాసిపెట్టమంటూ మా ఇంటికి నేటికీ జనం వస్తుంటారు. ఉర్దూలో పలికే పేరు తెలుగులోకీ ఇంగ్లీషులోకీ మారేసరికి ఆ తేడా వస్తుంది. మన ఇబ్బందులనూ పాలస్తీనా ప్రజల విషాదాన్నీ ఒకే త్రాసులో తూచడం న్యాయం కాదు. కానీ కాగితం చేతబట్టుకొని వరుసలో నిలబడినవాని గుండెదడ ఎక్కడైనా ఒక్కటే.

అర్జీ ఒక అధికారి బల్ల వరకే చేరుతుంది. కళ అయితే ఆ కష్టం ఎరుగని మనిషిని కూడా కాసేపు ఆ గదిలో నిలబెడుతుంది. ప్రదర్శనశాల నుంచి అతడు ఎప్పుడైనా బయటికి నడిచి వెళ్ళగలడు. ఆ గదిలోనే పుట్టినవారికి ఆ వీలు లేదు. స్వేచ్ఛ అంటే ఏమిటో ఆ తేడాలోనే బోధపడుతుంది.

మన ఇళ్ళలో బొమ్మలు గీసే పిల్లలున్నారు, ముఖ్యంగా ఆడపిల్లలున్నారు. అది కూడు పెట్టని విద్య అని వారి చేతిలోని కుంచెను లాగివేయవద్దని మా మనవి. మేము వ్రాసే అర్జీలలో పట్టని మాటలు రేపు వారు చెప్పగలరు.