రాతినేలలో నీటి జాడ

సికింద్రాబాదు చుట్టునున్న నేల గ్రానైటు శిలామయము. ఈ రాతియందు నీరు అంతటను ఉండదు. పైనున్న మొరమునందును, క్రింది నెఱ్ఱెలయందును మాత్రమే నిలుచును. కావుననే నీరు పడిన బోరునకు పదిబారల దూరమున వేసిన వేఱొక బోరు వట్టిపోవచ్చును. అపుడు రైతునకు మిగులునది అప్పు మాత్రమే.

ఆఱవ శతాబ్దిని వరాహమిహిరుడు బృహత్సంహితలో చెట్లను, పుట్టలను బట్టి భూగర్భజలమును గుర్తించు విధము చెప్పెను. నేటివారు కరెంటును బట్టి గుర్తింతురు. నాలుగు లోహపు మేకులు వరుసగా నాటి, వెలుపలి రెంటిద్వారా కరెంటు పంపి, లోపలి రెంటి నడుమ వోల్టేజిని కొలుతురు. గట్టిరాయి కరెంటును మిక్కిలి అడ్డగించును. నీరున్న మొరము అంతగా అడ్డగింపదు. మేకులను ఎడము చేసినకొలది మఱింత లోతు సంగతి తెలియును. 1961లో హైదరాబాదున స్థాపితమైన జాతీయ భూభౌతిక పరిశోధన సంస్థ మహేశ్వరము ప్రాంతమున ఇట్టి పరిశోధనలు జరిపినది.

అయినను బంకమట్టియు ఈ కొలతలో నీటివలెనే భ్రమ గొలుపును. లోతుననున్న సన్నని నెఱ్ఱె దీనికి అందకపోవచ్చును. కొలత వృథావ్యయమును తగ్గించునే గాని నీటిని పుట్టింపదు. నీటినిచ్చునది వాన; దానిని నేలలోనికి ఇంకించునది చెరువు. బోరునకు ముందు కొలత, కొలతకు ముందు చెరువుకట్ట: ఈ వరుస తప్పకుండుట గ్రామమునకు శ్రేయస్కరము.