ఇంట అచ్చువేసుకొను కుట్టు నమూనాలు



నేటి ప్రసంగవిషయము మొదట మీకు పిల్లల పనివలె తోపవచ్చును. కాని యిందు తప్పు జరిగినచో చెడునది విలువగల బట్ట. కొలతను ఊరక నమ్మక సరిచూచు అలవాటు పెద్దలకే హెచ్చు. కావుననే మీతో మాటలాడుచున్నాను.

రవికకు గాని చొక్కాకు గాని ముందుగా కాగితముపై రూపము గీసి, దానిని బట్టపై పఱచి కత్తిరించుట మన దర్జీలకు క్రొత్త గాదు. పాత వార్తాపత్రికలపై గీసిన ముక్కలు కుట్టుయంత్రము ప్రక్క మేకునకు వ్రేలాడుట మీరందఱును చూచియే యుందురు. 1863వ సంవత్సరమున అమెరికాలోని మసాచుసెట్స్ రాష్ట్రమందు ఎబనేజర్ బటరిక్ అను దర్జీ, ఒకే దుస్తునకు వేర్వేరు పరిమాణములలో కాగితపు నమూనాలు చేసి అమ్మసాగెను. నేడట్టి నమూనా కంప్యూటరు ద్వారా ఇంటికే వచ్చుచున్నది. ఏ4 కాగితము వెడల్పు 210, పొడవు 297 మిల్లీమీటర్లు మాత్రమే గదా! అందు చొక్కా వీపు పట్టదు. కనుక చిత్రమును పలకలుగా ఖండించి పంపుదురు. మనము అచ్చువేసి అతుకుకొనవలెను.

గండము అచ్చులోనే యున్నది. కాగితమున కిముడునట్లు చిత్రమును కుదించుట పలు ప్రింటర్లకు అలవాటు. మా వీధిలో కుట్టుపనిచే జీవించు నొకామె పట్టణమున నొక దుకాణములో నమూనాను అచ్చువేయించి తెచ్చెను. ఎవరిదో పెండ్లిపట్టు ఆమె చేతిలో నుండెను. కత్తెర పెట్టబోవునంతలో, వడ్రంగమున నారితేరిన ఆమె మామగారు మొదటి కాగితముపై నున్న చిన్న చతురస్రమును చూచి, “అమ్మాయీ, ఇది యెందులకు?” అని యడిగిరి. భుజము 10 సెంటీమీటర్లని దానిపై వ్రాసియున్నది. ఆయన బద్ద పెట్టి చూడగా తొమ్మిదిన్నరయే! ఆ లెక్కను 90 సెంటీమీటర్లుండవలసిన ఛాతీ చుట్టుకొలత 85న్నరకు దిగును. రవిక పట్టదు. పట్టు దక్కెను, కాగితములు మరల అచ్చువేయబడెను. నూటికి నూరుపాళ్లు అసలు కొలతనే అచ్చువేయుమని ముందే చెప్పవలెను. అటుపిమ్మట ఆ చతురస్రమును నిలువునను అడ్డమునను కొలువవలెను.

అతుకునపుడు ప్రతి కాగితమునకు కుడిప్రక్క, క్రిందిప్రక్క అంచులను మాత్రము గీతవెంట కోసి, ప్రక్క కాగితపు గీతపై సరిగా నిలుపవలెను. ముందు ఒక్కొక్క వరుసను, పిదప వరుసలను కలుపుట మేలు. అతుకున కొక మిల్లీమీటరు తప్పినను, ఐదతుకులకు అర సెంటీమీటరగును. పిండిజిగురు వలదు, తడికి కాగితము సాగి ముడుతలు పడును. అంటుపట్టీ చాలును. దానిపై వేడి ఇస్త్రీపెట్టె మాత్రము సోకరాదు.

నమూనాపై నిలువుబాణ మొకటి యుండును. పడుగు పేకలు తెలిసిన మీకు దీనిని విడమర్చి చెప్పనక్కఱలేదు: బాణము పడుగువెంట నిలువవలెను. బట్ట మిగులునను ఆశతో ముక్కను ఏటవాలుగా త్రిప్పినచో ఉతికిన పిమ్మట వస్త్రము మెలిపడును. కుట్టుబడి నమూనాలో చేరియున్నదో లేదో చదివి చూడవలెను. లేనిచో చుట్టును కలుపుకొనవలెను. మడతపై నుంచవలసిన అంచునకు మాత్రము కలుపరాదు.

ఇన్ని చూచిన పిమ్మటను, క్రొత్తబట్టకు ముందు ఒక పాతపంచెపై కత్తిరించి టాకాలు వేసి తొడిగి చూచుకొనవచ్చును. అట్టి పంచె యేదో మీ పెట్టెలోనే యుండును.