కాలు బిగించే చేతికి పూచీ



మా గురువుగారు జీవితమంతా కృత్రిమ కాళ్లు, బలహీనమైన కాలికి ఊతమిచ్చే కాలిపర్లు చేసి మనుషులను నడిపించారు. ఆయన పేరిట జరిగే ఈ ఉపన్యాసంలో ఆ పని చట్టం కిందికి ఎలా వచ్చిందో చెప్పాలనుకున్నాను.

మన దేశంలో ఈ వృత్తికి మొదట అండగా నిలిచింది సైన్యం. రెండో ప్రపంచ యుద్ధంలో అవయవాలు పోగొట్టుకున్న సిపాయిల కోసం 1944లో పుణెలో కృత్రిమ అవయవాల కేంద్రం పెట్టారు. 1972లో కాన్పూర్‌లో కృత్రిమ అవయవాలు తయారు చేసే ప్రభుత్వ సంస్థ అలిమ్‌కో వచ్చింది. అప్పటికే జైపూర్ సవాయ్ మాన్‌సింగ్ ఆసుపత్రిలో డాక్టర్ పి.కె. సేఠీ, రాంచంద్ర శర్మ కలిసి పనిచేస్తున్నారు. శర్మ శిల్పి, బడి చదువు పెద్దగా లేనివారు. అందరికీ మాస్టర్‌జీ. స్పాంజి రబ్బరు, కొయ్య, టైర్లలో వాడే దారం అచ్చులో పెట్టి ఉడికించి 1968 నాటికి ఒక పాదం తయారు చేశారు. విదేశీ పాదానికి బూటు తప్పనిసరి. ఈ పాదంతో బాసింపట్టు వేసుకోవచ్చు, గొంతుక్కూర్చోవచ్చు, బురదలో చెప్పుల్లేకుండా నడవవచ్చు. జైపూర్ కాలుగా పేరుపడ్డ దీనితోనే, కాలు పోగొట్టుకున్న నర్తకి సుధా చంద్రన్ మళ్లీ నాట్యం చేశారు. 1985లో ‘మయూరి’ సినిమాలో తన కథను తానే నటించి తెలుగువాళ్లను కదిలించారు.

ఇక చట్టం సంగతి. ఈ వృత్తిని నియంత్రించే భారత పునరావాస మండలి 1986లో సొసైటీగా మొదలై, 1992 నాటి చట్టంతో, 1993 జూన్ 22న చట్టబద్ధ సంస్థ అయింది. గుర్తింపు ఉన్న అర్హత, రిజిస్టర్‌లో పేరు లేనివారు దేశంలో ఎక్కడా ఈ వృత్తి చేయరాదని చట్టంలోని 13వ సెక్షన్ చెబుతుంది. చేస్తే ఏడాది వరకు జైలు, లేదా వెయ్యి రూపాయల వరకు జరిమానా, లేదా రెండూ. మరి మాస్టర్‌జీ వంటివారిని ఈ చట్టం గడప బయట నిలబెట్టిందా? అవుననేవారున్నారు. నేను ఒప్పుకోను.

ఎందుకంటే, పాదం ఎంత గొప్పదైనా ఒంటి బరువు పడేది సాకెట్లో, అంటే కృత్రిమ కాలు పైభాగంలోని తొడుగులో, ఉండే మొండి (కోశాక మిగిలిన కాలు) మీద. మోకాలిచిప్ప కింది స్నాయువు ఒత్తిడికి ఓర్చుకుంటుంది. బయటివైపు ఫిబులా ఎముక తల ఓర్చుకోదు, దాన్ని ఆనుకునే నరం పోతుంది. ప్లాస్టర్ అచ్చులో అక్కడ చోటు వదలకపోతే చర్మం ఒరుసుకుపోతుంది. షుగర్‌తో స్పర్శ పోయినవాడికి పుండు పడ్డా నొప్పి తెలియదు. చీము పట్టాక వస్తాడు. మోకాలి కింద పోయిన కాలును ఈసారి మోకాలి పైన కోయాల్సి రావచ్చు. ఆ మనిషికి మళ్లీ నడక నేర్పడం ఎంత కష్టమో ఈ హాల్లో చాలామందికి తెలుసు.

ఎక్కడ కోయాలో తేల్చేది సర్జన్. మొండిని పరీక్షించి, కొలిచి, అచ్చు తీసి, కాలు సరైన వరుసలో ఉందో లేదో (ఎలైన్‌మెంట్) చూసి, నడిపించి, నెలల తర్వాత మళ్లీ పిలిపించి చూడాల్సింది నాలుగున్నరేళ్లు చదివిన కృత్రిమ అవయవాల నిపుణుడు, అంటే ప్రాస్థెటిస్ట్. అచ్చు మీద సాకెట్ లాగి, అంచులు నునుపు చేసి, బెల్టు కుట్టేది టెక్నీషియన్. మాస్టర్‌జీ తన విద్యను ఆసుపత్రిలో, సర్జన్ల పక్కన ఉండి చూపించారు. అటువంటి చేతికి చట్టం శత్రువు కాదు. అడ్డుకోవాల్సింది కొలత కూడా తీయకుండా కాలిపర్ అంటగట్టి పంపేవారిని. అయితే ఎవరు వృత్తి చేయరాదో చెప్పిన చట్టం, ఏ పని ఎవరిదో గీత గీసి చెప్పలేదు. కాలు పోగొట్టుకున్నవాడికి మళ్లీ హాని చేసిన చేతికి వెయ్యి రూపాయల జరిమానా ఏం భయం? ఈ రెండూ సవరించాలి.

ఆసుపత్రుల సూపరింటెండెంట్లు ఈ సభలో ఉన్నారు కాబట్టి అడుగుతున్నాను. చట్టం మారేదాకా ఆగనక్కర్లేదు. ఇచ్చే ప్రతి కాలుకూ, ప్రతి కాలిపర్‌కూ రాసే చీటీ మీద బిగించినవారి పేరు, రిజిస్ట్రేషన్ నంబరు రాయించండి. పుండు పడిన రోజున ఎవరిని వెతుక్కుంటూ రావాలో రోగికి తెలియాలి.