ఎల్.పి.జి. కారు - బీమా

పెట్రోలు ఖర్చు తగ్గునను ఆశతో కారును ఎల్.పి.జి.తో నడుచునట్లు మార్పించుకొనువారు మనలో ఉన్నారు. కిట్టుకెంత, నెలకు ఆదా ఎంత అని అందరమును లెక్కవేయుదుము. కాని ఆ కారు ఒకనాడు ప్రమాదమునకు గురియైనచో బీమా సొమ్ము చేతికందునా అని ముందుగా ఆలోచించువారు కొలదిమందియే. నేడు ఆ విషయమును విచారింతము.

ఎల్.పి.జి. ముఖ్యముగా ప్రొపేను, బ్యూటేను వాయువుల మిశ్రమము. ఒత్తిడివలన ట్యాంకులో ద్రవరూపమున ఉండి, ఇంజను వేడినీటి సాయమున ఆవిరియై లోనికి పోవును. ఎండవేడికి ద్రవము వ్యాకోచించును గనుక ట్యాంకును నూటికి 80 పాళ్లకు మించి నింపరాదు. ఆ మట్టము చేరగనే తనంత తానే మూసికొను కవాటము కారు ట్యాంకునకు ఉండును. వంటింటి 14.2 కిలోల సిలిండరు ఈ పనికి చేసినది కాదు. దానిని కారులో పెట్టుటయు, దాని గ్యాసును కారు ట్యాంకులోనికి ఎక్కించుటయు నేరము. అంతకుమించి ప్రాణాపాయము. కారిన గ్యాసు గాలికన్న బరువైనదగుటచే పైకి పోక నేలబారున నిలిచియుండును. ఒక్క నిప్పురవ్వ చాలును.

మన దేశమున 2000వ సంవత్సరమున మోటారు వాహనముల చట్టమును సవరించి ఇట్టి మార్పునకు దారి కల్పించిరి. వాహనములలో ఈ గ్యాసు వాడుకకు 2001లో ప్రత్యేకముగా ఒక ఉత్తర్వు వెలువడినది. కిట్టు ఆమోదము పొందినదై, అధికారము గల వర్క్‌షాపులో అమర్పబడవలెను. చట్టము 52వ విభాగము ప్రకారము మార్పు జరిగిన 14 దినములలోగా రిజిస్ట్రేషను అధికారికి తెలిపి, ఆర్.సి. పుస్తకమున ఇంధనము పేరు సరిచేయించుకొనవలెను.

చాలమంది ఇక్కడితో పని ముగిసినదనుకొందురు. బీమా సంస్థకు తెలుపుట మిగిలియే యున్నది. మన పాలసీ పెట్రోలు కారునకు వ్రాసినది. కిట్టు విలువ అందులో లేదు. 2002 నాటి మోటారు టారిఫు కిట్టు విలువపై నూటికి 4 వంతున అదనపు ప్రీమియమును, ఎదుటివారి నష్టపు బాధ్యతకై మరి 60 రూపాయలను నిర్ణయించినది. 2007 నుండి సొంత కారు నష్టపు రేట్లను సంస్థలే నిర్ణయించుకొనుచున్నవి గనుక నేటి మొత్తమును మన సంస్థనే అడుగవలెను. 25,000 రూపాయల కిట్టునకు నూటికి 4 వంతున చూచినను ఏడాదికి వేయి రూపాయలే. ఈ వేయి మిగుల్చుకొన్నవానికి కారు కాలిపోయిననాడు కిట్టు విలువ రాదు. మార్పును దాచితిరను కారణమున మొత్తము క్లెయిమే వివాదమున పడవచ్చును. న్యాయస్థానమున వాదింపవచ్చును గాని, అంతవరకు మరమ్మతు ఖర్చు మన చేతినుండియే పోవలెను.

కనుక సంస్థకు వ్రాతమూలకముగా తెలిపి, పాలసీపై ఆ మార్పును నమోదు చేయించి, కిట్టు రసీదును, అమర్చినవారి ధ్రువపత్రమును భద్రపరుపుడు. ట్యాంకుపై ముద్రించిన పరీక్ష తేదీని మరువకుడు. పాతకారు కొనువారు డిక్కీ తెరచి చూచి, పిదప ఆర్.సి.ని, పాలసీని చదువవలెను.

కారులో ఉన్నదేదో ఆర్.సి.లోను, ఆర్.సి.లో ఉన్నదేదో పాలసీలోను ఉండవలెను. ఈ మూడును ఏకమైనప్పుడే గ్యాసువలన మిగిలిన సొమ్ము నిజముగా మనది.