పాత కారు హెడ్‌లైట్లలో ఓమ్ నియమం

హైస్కూలు చదివిన ప్రతివారూ ఓమ్ నియమాన్ని ఎప్పుడో ఒకసారి అప్పజెప్పినవారే. వోల్టేజి, విద్యుత్ ప్రవాహం, నిరోధం - ఈ మూడింటిలో ఏ రెండు తెలిసినా మూడోది తెలుస్తుంది. పరీక్షలో మార్కులు వచ్చాక ఆ నియమాన్ని మనం మళ్లీ పలకరించం. ఈ రోజు దాన్ని ఒక పాత స్పోర్ట్స్ కారు బానెట్ కింద వెతుకుదాం. మీ ఇంట్లో స్పోర్ట్స్ కారు లేకపోవచ్చు. పాత జీపో, 2014లో తయారీ ఆగిపోయిన అంబాసిడరో, బుల్లెట్ మోటారు సైకిలో ఉన్నా ఈ మాటలు మీకు పనికొస్తాయి.

నా మిత్రుడొకాయన బ్యాంకు ఉద్యోగం చేసి రిటైరయ్యారు. ఆయన దగ్గర 1972 నాటి ఎంజీబీ ఉంది. ఇది ఇంగ్లండులోని అబింగ్డన్ ఫ్యాక్టరీలో 1962 నుంచి 1980 వరకు తయారైన రెండు సీట్ల కారు. 5 లక్షలకు పైగా అమ్ముడుపోయింది. గుండ్రటి, 7 అంగుళాల హెడ్‌లైట్లు దీనివి. మన అంబాసిడర్‌కు మూలమైన మోరిస్ ఆక్స్‌ఫర్డ్ కూడా అదే బ్రిటిష్ కుటుంబానికి చెందినది కనుక లైటు కొలతలోనూ, వైర్ల రంగుల్లోనూ ఈ రెండు కార్లకూ చుట్టరికం ఉంది.

ఆయన బాధ ఒకటే. "మాస్టారూ, మా అల్లుడు అమెరికా నుంచి కొత్త హాలోజెన్ లైట్లు తెచ్చాడు. బిగించాను. అయినా దీపం కొడిగట్టినట్టే ఉంది. బల్బులు నాసిరకమా?"

బల్బును అనుమానించే ముందు దాని దాకా ఏమి చేరుతోందో చూడాలి. చెరువు నిండా నీళ్లున్నా కాలువ పూడిపోతే శివారు పొలానికి తడి అందదు. పాత కారులో కరెంటు నడిచే దారి అలాంటిదే. బ్యాటరీ దగ్గర బయలుదేరిన కరెంటు డాష్‌బోర్డులోని లైటు స్విచ్చికి వస్తుంది. అక్కడి నుంచి స్టీరింగు పక్కనున్న డిప్పర్ స్విచ్చికి, మళ్లీ వెనక్కి ఇంజను గదిలోకి, అక్కడ గుళ్లలాంటి చిన్న ఇత్తడి జాయింట్లగుండా లైటుకు చేరుతుంది. తిరుగు ప్రయాణం నల్ల ఎర్త్ వైరు మీదుగా కారు బాడీలోకి. ఇన్ని మీటర్ల సన్నని వైరు, ఇన్ని అతుకులు. 50 ఏళ్ల తేమకు ప్రతి అతుకూ కొంత చిలుము పట్టింది. ఈ కార్లకు విద్యుత్ సామాను చేసిన లూకాస్ కంపెనీని ఇంగ్లండులో 'అంధకార రాకుమారుడు' అని ఎగతాళి చేస్తారు. నా ఉద్దేశంలో ఆ నింద సగమే న్యాయం. అర్ధ శతాబ్దం తుడవని ఇత్తడి ఎవరు చేసినా నల్లబడుతుంది.

కొలత ఎలా తీయాలో చెబుతాను. ఇక్కడే చాలామంది పొరబడతారు. బల్బు ఊడదీసి, ఖాళీ హోల్డరులో మీటరు పెడితే పూర్తి వోల్టేజి చూపిస్తుంది. ప్రవాహమే లేనప్పుడు నిరోధం ఎంత ఉన్నా వోల్టేజి తగ్గదు కదా! కనుక ఇంజను నడుస్తూ, లైట్లు వెలుగుతూ ఉండగానే కొలవాలి. మల్టీమీటరు ఒక ముల్లును బ్యాటరీ ప్లస్సు మీద, రెండోదాన్ని బల్బు ప్లస్సు కాలి మీద ఉంచండి. మీటరు చూపే సంఖ్య దారిలో పోయిన వోల్టేజి. తర్వాత బల్బు ఎర్త్ కాలికీ బ్యాటరీ మైనస్సుకూ మధ్య అలాగే చూడండి. ఎంజీబీలో బ్యాటరీ సీట్ల వెనక ఉంటుంది. పొడుగాటి వైరు ఒకటి సిద్ధం చేసుకోవాలి.

మా కొలతల్లో ప్లస్సు దారిలో 1.5 వోల్టులు, ఎర్త్ దారిలో 0.6 వోల్టు పోతున్నాయి. బ్యాటరీ దగ్గర 13.4 ఉంటే బల్బుకు అందేది 11.3. "రెండు వోల్టులే కదా" అన్నారు మిత్రులు. ఫిలమెంటు బల్బు విషయంలో ఆ మాట చెల్లదు. దాని వెలుగు వోల్టేజితో సమానంగా తగ్గదు. సుమారుగా వోల్టేజికి 3.4వ ఘాతంలో మారుతుంది. 11.3ని 13.4తో భాగిస్తే 0.84. దాన్ని 3.4వ ఘాతానికి పెంచితే 0.56. అంటే 16 శాతం వోల్టేజి పోతే 44 శాతం వెలుగు పోయింది! పైగా ఫిలమెంటు వేడి తగ్గి తెల్లని కాంతి పసుపు బారుతుంది.

ఈ లెక్కను రోడ్డు మీదికి తీసుకువెళదాం. గంటకు 60 కిలోమీటర్ల వేగమంటే సెకనుకు దాదాపు 17 మీటర్లు. అడ్డంకిని చూసి బ్రేకు తొక్కడానికి సెకనున్నర పడుతుందనుకుంటే అప్పటికే 25 మీటర్లు గడిచిపోతాయి. బ్రేకు పట్టాక ఆగడానికి మరో 28 మీటర్లు. మొత్తం 53. పూర్తి వెలుగులో ముదురు రంగు బట్టలు కట్టుకున్న మనిషి 60 మీటర్ల దూరాన కనిపిస్తాడనుకోండి. వెలుతురు దూరపు వర్గానికి విలోమంగా తగ్గుతుంది కనుక, 56 శాతం వెలుగులో అతడు కనిపించేది 45 మీటర్ల దగ్గర. ఆగడానికి కావలసింది 53, కనిపించేది 45. రాత్రిపూట రోడ్డంచున నిలిపిన, వెనక దీపం లేని ట్రాక్టరు ట్రాలీని తలచుకుంటే ఆ 8 మీటర్ల తేడా ఏమిటో మీకే అర్థమవుతుంది.

ప్రమాదం ఇంకోవైపు కూడా ఉంది. రెండు బల్బులూ కలిసి సుమారు 9 ఆంపియర్లు లాగుతాయి. 2.1 వోల్టులను 9తో గుణిస్తే 19 వాట్లు. ఈ శక్తి అంతా వైర్లలో, అతుకుల్లో, స్విచ్చిలో వేడిగా మారుతోంది. అందులో ఏ ఏడు వాట్లో డిప్పర్ స్విచ్చిలోని మినపగింజంత కాంటాక్టు మీద పడితే ప్లాస్టిక్ మెత్తబడుతుంది. ఆ కాలపు ఎంజీబీలో హెడ్‌లైట్లకు ఫ్యూజు కూడా లేదు. బల్బు సరిపోలేదని కొందరు 100 వాట్ల బల్బు తెచ్చి పెడతారు. ప్రవాహం పెరిగితే దారిలో నష్టం కూడా పెరుగుతుంది. వైరు ఇంకా కాగుతుంది. పూడిన కాలువకు ఎగువన మోటారు బిగించినట్టు!

దీనికి మందు రిలే. ఆటో సామాను దుకాణంలో నాలుగు కాళ్ల చిన్న డబ్బాగా దొరుకుతుంది. లోపల ఒక తీగచుట్ట, ఒక బలమైన కాంటాక్టు. తీగచుట్టకు ఆంపియరులో ఆరో వంతు చాలు. అది అయస్కాంతమై కాంటాక్టును మూస్తుంది, పెద్ద ప్రవాహం ఆ కాంటాక్టుగుండా పోతుంది. పాత వైర్లను పీకనక్కరలేదు. డిప్పుకు వెళ్లే ఎర్ర చార నీలం వైరు, బ్రైట్‌కు వెళ్లే తెల్ల చార నీలం వైరు ఇకమీదట ఒక్కో రిలే తీగచుట్టకు కబురు మాత్రమే మోస్తాయి. అవి 85, 86 అంకెలున్న కాళ్లకు వెళ్తాయి: ఒకదానికి కబురు, రెండోదానికి ఎర్త్. 30వ కాలికి కొత్తగా లావు వైరు, 4 చదరపు మిల్లీమీటర్లది, వేయాలి. ఎంజీబీలో బ్యాటరీ దూరం కనుక ఆ వైరును స్టార్టరు సోలెనాయిడ్ మీద బ్యాటరీ కేబుల్ ముగిసే బోల్టు నుంచి తీసుకోవడం సుఖం. 87వ కాలి నుంచి లైట్లకు 2.5 చదరపు మిల్లీమీటర్ల వైరు. ఎర్త్ వైర్లు కూడా అంతే లావుగా కొత్తవి వేసి, పెయింటు గీకి మెరుగు తేల్చిన లోహం మీద బిగించాలి. ప్లస్సు వైపు అంతా మార్చి ఎర్త్‌ను మరిచిపోయేవారు నూటికి సగం మంది ఉంటారు.

ఫ్యూజుల మాట. లావు వైరు మొదట్లోనే ఒక పెద్ద ఫ్యూజు ఉండాలి. ఆ తర్వాత ఒక్కో ఫిలమెంటుకు విడిగా 10 ఆంపియర్ల ఫ్యూజు, మొత్తం నాలుగు. రెండు లైట్లకూ కలిపి ఒకటే పెడితే, అది పోయిన క్షణాన రోడ్డంతా చీకటి. విడిగా ఉంటే ఒక కన్నైనా మిగులుతుంది. 1967కు ముందు వచ్చిన ఎంజీబీలకు బ్యాటరీ ప్లస్సే బాడీకి కలిపి ఉంటుంది, పైగా ఆల్టర్నేటరు బదులు 22 ఆంపియర్ల డైనమో. అలాంటి కారులో డయోడు ఉన్న రిలే వాడకండి. లైట్లు, వైపర్లు కలిపి ఎంత లాగుతాయో ముందుగా లెక్క వేసుకోండి.

ఒక ఆదివారం సాయంత్రానికి మా పని పూర్తయింది. మళ్లీ కొలిస్తే దారిలో నష్టం 0.3 వోల్టు మాత్రమే. లెక్క ప్రకారం 93 శాతం వెలుగు. గోడ మీద తెల్లటి కాంతి పడగానే ఇద్దరం చిన్నపిల్లల్లా సంబరపడ్డాం. ఆ ఉత్సాహంలో అప్పుడే భువనగిరి వైపు బయలుదేరాం.

ఎదురొచ్చిన ప్రతి బండీ మాకు లైటు కొడుతోంది. మేము డిప్పులోనే ఉన్నాం. ఇంత వెలుగు చూడలేదు కాబోలని మిత్రులు నవ్వారు, నేనూ నవ్వాను. కాసేపటికి ఎదురుగా వస్తున్న స్కూటరొకటి తడబడి రోడ్డు దిగి మట్టిలోకి పోయి ఆగింది. వెనక కూర్చున్నావిడ ఒళ్లో పసిబిడ్డ. అదృష్టం, పడలేదు. కారు ఆపి పరిగెత్తాం. ఆ యువకుడు కేకలు వెయ్యలేదు. "మీకు తొవ్వ కనబడాలెనని మా కండ్లు తీస్తరా సార్?" అన్నాడు, అంతే. ఎన్నో ఏళ్లుగా కాంతి పాఠాలు చెబుతున్న నాకు జవాబు లేదు. తిరుగు ప్రయాణం పార్కింగు దీపాలతో నత్తనడకన చేశాం.

మరునాడు పగటిపూట చూస్తే రెండు తప్పులు దొరికాయి. డిప్పు కాంతికి పైన ఒక అంచు ఉంటుంది. ఆ అంచు పైన చీకటి, కింద వెలుగు. హాలోజెన్ హెచ్4 బల్బులో డిప్పు ఫిలమెంటు కింద చిన్న రేకు దోనె ఉంటుంది. అది రిఫ్లెక్టరు కింది సగానికి కాంతిని పోనివ్వదు. అందుకే కాంతి కిందికి మాత్రమే వంగుతుంది. ఆ అంచు రెండు వైపులా సమానంగా ఉండదు. ఫుట్‌పాత్, మైలురాళ్లు, నడిచే మనుషులు కనిపించేందుకు రోడ్డంచు వైపు సుమారు 15 డిగ్రీలు పైకి లేస్తుంది. మనం ఎడమన నడుపుతాం, ఎడమకు లేవాలి. అమెరికాలో కుడిన నడుపుతారు కనుక అల్లుడుగారి లైట్లు కుడికి లేస్తున్నాయి, అంటే సూటిగా ఎదురొచ్చేవారి కళ్లలోకి. అద్దం మీది గుర్తు చూసి ఇది ముందే పట్టుకోవచ్చు. ఐరోపా ప్రమాణాల లైటుకు ఎదురుగా నిలబడి చూస్తే, ఎడమ ట్రాఫిక్‌కు చేసినదానిపై మీ కుడివైపు చూపే బాణం ఉంటుంది. బాణం లేకపోతే అది కుడి ట్రాఫిక్‌ది. మా అద్దం మీద బాణం లేదు. వైర్ల మీద గంటలు గడిపిన నేను అద్దం మీద ఒక్క చూపు వెయ్యలేదు. అంబాసిడర్‌కూ, జీపుకూ సరిపోయే 7 అంగుళాల లైట్లు ఇక్కడి బజారులోనే తెచ్చి మార్చాం.

రెండో తప్పు గురి. లైట్లను మార్చి, గురి చూడకుండా బయలుదేరాం. గురి పెట్టడానికి చదునైన నేల, ఎదురుగా గోడ చాలు. టైర్లలో గాలి సరిచూసి, డ్రైవరు సీటులో మనిషిని కూర్చోబెట్టి, కారును నాలుగుసార్లు ఊపి వదలండి. స్ప్రింగులు తమ చోటికి వస్తాయి. లైటు నడిబొడ్డు నేల నుంచి ఎంత ఎత్తులో ఉందో కొలిచి, గోడ మీద ఆ ఎత్తున ఒక గీత గీయండి. ఒక్కో లైటుకు సూటిగా ఒక నిలువు గీత కూడా. లైటు నుంచి గోడకు 10 మీటర్లు ఉండేలా కారును వెనక్కి జరపండి. ఒక లైటును అట్టతో అడ్డుకుని రెండోదాన్ని డిప్పులో వెలిగించండి. అంచు గీతకు 10 సెంటీమీటర్లు కిందుగా, అది పైకి లేవడం మొదలయ్యే మలుపు నిలువు గీత మీద ఉండాలి. మెరుగు రింగు ఊడదీస్తే పైన ఒక స్క్రూ, పక్కన ఒక స్క్రూ కనిపిస్తాయి. పైది ఎత్తుకు, పక్కది అడ్డానికి.

ఈ 10 సెంటీమీటర్లు ఎందుకు? 10 మీటర్లకు 10 సెంటీమీటర్లంటే ఒక శాతం వాలు. మా కారు లైటు 65 సెంటీమీటర్ల ఎత్తున ఉంది. ఒక శాతం వాలుతో కాంతి అంచు 65 మీటర్ల దూరాన నేలను తాకుతుంది. మనకు ఆగడానికి కావలసింది 53, గుర్తుంది కదా. ఈ ఎత్తు లైట్లకు బ్రిటన్ వార్షిక తనిఖీ 0.5 నుంచి 2 శాతం దాకా ఒప్పుకుంటుంది. మన 1989 నాటి కేంద్ర మోటారు వాహనాల నిబంధనలు దాన్నే ఎదుటివాడి కంటి నుంచి చెబుతాయి: 8 మీటర్ల దూరాన, మీటరున్నర ఎత్తున ఉన్న కన్ను జిగేలుమనకూడదు. మా కుడి లైటు ఆ రాత్రి 10 కిందికి బదులు 12 సెంటీమీటర్లు పైకి చూస్తోంది. 70 మీటర్ల అవతల అది దాదాపు మీటరున్నర ఎత్తుకు చేరుతుంది. స్కూటరు మీది మనిషి కళ్లు సుమారు అక్కడే ఉంటాయి.

ఇప్పుడు బజారులో ఎల్ఈడీ బల్బులు హెచ్4 హోల్డరులో కూర్చునేలా అమ్ముతున్నారు. కరెంటు తక్కువ తింటాయి, నిజమే. ఈ పాత రిఫ్లెక్టరు ఒక సన్నని ఫిలమెంటు ఫలానా చోట ఉంటుందని నమ్మి మలిచినది. కాంతి పుట్టే చోటు కొద్దిగా మారినా అంచు చెదిరిపోతుంది. గోడ మీద పదునైన అంచు రాకపోతే, ఎంత తెల్లగా ఉన్నా ఆ బల్బును తిరిగి ఇచ్చేయండి.

గురి సరిచేశాక అదే రోడ్డు మీద మళ్లీ వెళ్లాం. లారీల వెనక 'యూజ్ డిప్పర్ ఎట్ నైట్' అన్న అక్షరాలు ఎడమ పక్క స్పష్టంగా చదవగలిగాం. ఎదురొచ్చినవాళ్లు ఎవరూ లైటు కొట్టలేదు. నెల తర్వాత రిలే డబ్బాలను చేత్తో తాకి చూశాను, గోరువెచ్చగా ఉన్నాయి. ఎడమ లైటు ఎర్త్ స్క్రూ ఒకటి అర చుట్టు వదులైతే బిగించాను. వానకాలం పోయాక ఆ స్క్రూను మరోసారి చూడాలి.