ప్రేగుపొర యను చెరువుకట్ట



సైనిక్‌పురి సైనికోద్యోగమునుండి విశ్రాంతి గొన్నవారికొఱకు వెలసిన పేట. అచట నాకొక మిత్రుడు కలడు. ఎండకును, మంచుకును వెఱవని మనిషి. కొన్ని సంవత్సరములక్రిందట ఒక పెండ్లిలో భుజించి వచ్చి, నాలుగు దినములు వాంతులతోను విరేచనములతోను మంచము పట్టెను. ఆ జబ్బు తగ్గినది గాని, అతని కడుపు మరల మునుపటివలె కాలేదు. తెల్లవారగానే నొప్పి, మూడు నాలుగు మాఱులు పరుగు, బస్సెక్కవలెనన్న భయము. రక్తము పరీక్షించిరి. గొట్టము వేసి లోపల చూచిరి. పుండు లేదు, గడ్డ లేదు. “ఏమియు లేదు, అంతయు మనోవ్యాధియే” అని యింటివారు తేల్చిరి. నొప్పికంటె ఆ మాటయే తన్ను ఎక్కువ బాధించెనని అతడు నాతో చెప్పెను.

నేటి ప్రసంగము ఆ “ఏమియు లేదు” అను మాటను గూర్చియే.

ఈ జబ్బును వైద్యులు ఇరిటబుల్ బవెల్ సిండ్రోమ్ అనియు, క్లుప్తముగా ఐ.బి.ఎస్. అనియు పిలుచుచున్నారు. ఆఱు నెలలకు ముందే మొదలై, గడచిన మూడు నెలలలో వారమునకు ఒక దినమైనను కడుపునొప్పి వచ్చుచు, ఆ నొప్పి మలవిసర్జనముతో ముడిపడి యుండుట, వెళ్లు మాఱులు మాఱుట, మలముయొక్క రూపము మాఱుట అను మూడింటిలో రెండైనను ఉన్నచో, అది ఈ జబ్బని 2016లో ప్రకటింపబడిన రోమ్ లక్షణములు చెప్పుచున్నవి. కొందఱికి విరేచనములు, కొందఱికి మలబద్ధము, మఱికొందఱికి రెండును.

ఇక లోపల జరుగునదేమి? సైనిక్‌పురికి చేరువనున్న కాప్రా చెరువును తలపునకు తెచ్చుకొనుడు. లేదా మీ యూరి చెరువునే తలచుకొనుడు. చెరువునకు కట్ట కలదు, కట్టకు తూము కలదు. తూము పొలమునకు కావలసినంత నీరు విడుచును. కట్ట తక్కిన నీటిని ఆపును. మన ప్రేగుపొరయు అట్టిదే. అన్నసారమును లోనికి రానిచ్చి, కోటానుకోట్ల సూక్ష్మజీవులను వెలుపలనే నిలుపవలెను. ఈ పొర వైశాల్యము జీర్ణమార్గమంతయు కలిపి సుమారు 32 చదరపు మీటరులని 2014లో స్వీడను దేశపు పరిశోధకులు లెక్కించిరి. అనగా ఒక పెద్ద గది నేలంత. ఇంత కట్టకును మందము ఒక్క కణము వరుస మాత్రమే! నాలుగైదు దినములకు పాత కణములు రాలిపోయి క్రొత్తవి వచ్చుచుండును. పైన జిగురుపూత కాపు. కణమునకు కణమునకు నడుమ సన్నని కుట్టుల వంటి బంధములు కలవు. ఈ బంధములు సడలినచో కట్ట ఊటపట్టును.

ఊటపట్టినచోట రానిపదార్థములు లోనికి చొచ్చును. అచట కావలి యున్న మాస్టు కణములు మేలుకొని, హిస్టమిన్ మొదలగు రసములను విడుచును. అవి ప్రక్కనున్న నరములను రేపును. అట్లు రేగిన నరములకు కొద్దిపాటి వాయువు కదలినను శూలవలె తోచును. గొట్టముతో చూచువానికి ఇదియేమియు కనబడదు. కన్ను చూడలేనిది లేనిది కాదు గదా!

అంటువిరేచనముల పిమ్మట ఈ జబ్బు వచ్చునని నిరూపించిన సంఘటన యొకటి చెప్పెదను. 2000 మే నెలలో కెనడా దేశపు వాకర్టన్ అను చిన్న పట్టణమున, వానలకు పశువుల పేడ కొట్టుకొనివచ్చి త్రాగునీటి బావిలో కలిసినది. రెండువేలకు మించి జనులు జబ్బుపడిరి, ఏడుగురు మరణించిరి. వైద్యులు ఆ పట్టణవాసులను ఎనిమిదేండ్లు కనిపెట్టి చూచిరి. నాడు జబ్బుపడినవారిలో ఐ.బి.ఎస్. పొందినవారు, జబ్బుపడనివారిలోకంటె మిక్కిలి హెచ్చు. వారి ప్రేగుపొర కొంచెము ఊటపట్టియున్నదనియు పరీక్షలలో తేలెను. కొంచెమే సుమా! ఐ.బి.ఎస్. గల ప్రతివానికిని ఈ ఊట యుండదు. విరేచనముల రకము వారిలోను, అంటుజబ్బు పిమ్మట వచ్చినవారిలోను ఎక్కువగా కనబడును.

మఱి మనస్సునకు సంబంధమే లేదా? కలదు. 2014లో బెల్జియము పరిశోధకులు ఆరోగ్యవంతులచేత పదుగురియెదుట ప్రసంగింపజేసి, వారి ప్రేగుపొరను పరీక్షించిరి. బెదరినవారిలో పొర సడలెను! నేను ఈ యంత్రమునెదుట మాటలాడుచున్నాను గనుక నాకును కొంత భయముగనే యున్నది. కావున దిగులు కట్టను సడలించునన్నమాట నిజము. కాని సడలినది నిజమైన కట్ట, కల్పించుకొన్నది కాదు.

ఇచట ఒక హెచ్చరిక. ప్రేగు జబ్బులన్నియు నొకటి కావు. మన భీమవరమున 1895లో జన్మించిన యల్లాప్రగడ సుబ్బారావుగారి సోదరులిద్దఱు కొద్ది దినముల వ్యవధిలోనే సంగ్రహణికి బలియైరి. ఆయనయు ఆ జబ్బుతో బాధపడి, ఆచంట లక్ష్మీపతిగారి చికిత్సచే బ్రతికెను. 1945లో అమెరికాలో ఆయన బృందము తయారుచేసిన ఫోలిక్ ఆమ్లము ఆ జబ్బునకే మందయ్యెను. సంగ్రహణి మనిషిని క్షీణింపజేయును, ఐ.బి.ఎస్. అట్లు చేయదు. కావున మలములో రక్తము, కారణములేక బరువు తగ్గుట, రక్తహీనత, నిద్రనుండి లేపు విరేచనములు, ఏబదియేండ్లు దాటిన పిమ్మట క్రొత్తగా మొదలైన మార్పు, వీనిలో ఏది యున్నను ఆలస్యము చేయక వైద్యుని చూడవలెను.

చికిత్సయో? కట్టను పూడ్చెదమని పొడులమ్మువారిని నమ్మి డబ్బు పోగొట్టుకొనవలదు. 2019లో గ్లుటమిన్ అను పదార్థము అంటుజబ్బు పిమ్మటి ఐ.బి.ఎస్.లో గుణమిచ్చెనని యొక పరీక్ష తెలిపినది. కాని అది నూఱుమందికి కొంచెము మించినవారిలో చేసినది మాత్రమే. వైద్యుడు చెప్పనిదే సూక్ష్మజీవినాశకపు బిళ్లలను మ్రింగరాదు. ఉల్లి, వెల్లుల్లి, గోధుమ, పప్పుదినుసులు, పాలు కొందఱికి పడవు. తెలిసినవారి సలహాతో కొన్ని వారములు మాని, ఒక్కొక్కటిగా మరల తిని చూచి, పడనిదానినే తగ్గించవలెను. ఇసబ్‌గోల్ పలువురకు మేలుచేయును. అన్నిటికంటె ముఖ్యము మొదటి అంటుజబ్బును రానీయకుండుట: కాచిన నీరు, కడిగిన చేతులు, పెండ్లిపందిళ్లలో వేడివేడి వంట.

నా మిత్రుని జబ్బు పూర్తిగా పోలేదు, తగ్గినది. ఇంటివారికి ఈ సంగతులు తెలిపిన నాటినుండి అతడు తన నొప్పిని దాచుకొనుట మానెను. బస్సెక్కి బంధువులయిండ్లకు పోవుచున్నాడు. పెద్దలగు మీ మాట ఇంటింట చెల్లును. కడుపుబాధ చెప్పుకొనుటకు వచ్చినవానితో “ఏమియు లేదు” అనక, “ఉన్నది, చూపించుకొందము రమ్ము” అనుడు.